నిండు బిందె ఎత్తే మనిషి: త్రీడీ మోడలింగ్, యానిమేషన్‌లను ఒకే షాట్‌తో లోతుగా నేర్చుకోవడం ఎలా?

త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో తొలి పాఠాలు వచ్చాక చాలామంది అక్కడే ఆగిపోతారు. ఘనాన్ని సాగదీసి ఇల్లు కట్టడం, రంగులు వేయడం, బంతిని ఎగిరించడం, కెమెరా తిప్పడం చేతికి వస్తాయి. ఆ తరువాత ఒక్కో టూల్ గురించి ఒక్కో వీడియో చూస్తూ నెలలు గడిచిపోతాయి గానీ, ఇది నేను చేశానని చూపించుకోదగిన పూర్తి పని ఒక్కటీ మిగలదు. ఈ దశ దాటడానికి నాకు తెలిసిన నమ్మకమైన దారి ఒక చిన్న షాట్‌ను ఎంచుకుని, మొదటి గీత నుంచి చివరి ఫ్రేమ్ దాకా మరొకరు చేసిన బొమ్మ గానీ, మరొకరు కదిలించిన కదలిక గానీ తీసుకోకుండా మీరే పూర్తి చేయడం.

ఈ వ్యాసంలో అలాంటి ఒక షాట్‌ను అడుగడుగునా వివరిస్తాను. ఒక నడివయసు స్త్రీ నేల మీద ఉన్న నిండు ఇత్తడి బిందెను వంగి పట్టుకుని, తొడ మీదికి ఎత్తి, అక్కడి నుంచి చంకన పెట్టుకుని రెండడుగులు వేస్తుంది. నిడివి 10 సెకన్లు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 240 ఫ్రేములు. ఈ విషయాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. కంప్యూటర్‌కు బరువు అంటే ఏమిటో తెలియదు. దాని లోపల ఇత్తడి బిందె అయినా, దూది మూట అయినా కొన్ని బిందువులు, వాటిని కలిపే గీతలు మాత్రమే. 15 లీటర్ల నీళ్లంటే 15 కిలోలు, బిందె బరువు అదనం. ఆ బరువును చూసేవారి ఒంటికి తెలిసేలా చేయడమే ఈ కళలో అసలు పని అని నేను నమ్ముతాను. ఆకారం, కీళ్లు, చీర, వెలుతురు, కదలిక అన్నీ ఆ ఒక్క పనికే లోబడి ఉండాలి.

రోజుకు రెండు గంటలు కేటాయించగలిగితే ఈ షాట్‌కు నాలుగైదు నెలలు పడుతుందని అనుకోండి. ఈ పనిని తొందరపెట్టి చేయడం వల్ల ప్రయోజనం లేదు.

సాధనం

నేను బ్లెండర్‌ను ఆధారంగా తీసుకుంటున్నాను. ఒక డచ్ స్టూడియో సొంత అవసరాల కోసం టాన్ రూజెండాల్ రాయడం మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్, దాన్ని నడిపిన కంపెనీ 2002లో మూతపడినప్పుడు కనుమరుగు కావలసింది. వాడుకరులూ అభిమానులూ కొద్ది వారాల్లోనే లక్ష యూరోలు పోగుచేయడంతో అదే ఏడాది అక్టోబరులో అందరికీ ఉచితంగా విడుదలైంది. 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా సినిమా బ్లెండర్‌లోనే తయారైంది కాబట్టి, ఉచితంగా దొరికేది కనుక నాసిరకమేమోనన్న సందేహం అక్కర్లేదు. మీరు మాయా అనే మరో త్రీడీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నా ఇక్కడ చెప్పిన క్రమం మారదు. మెనూల పేర్లు మాత్రమే మారతాయి. 16 జీబీ మెమరీ, ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డు, మూడు బటన్ల మౌస్ ఉంటే పని నడుస్తుంది. స్కల్ప్టింగ్‌కు, అంటే మట్టిని ఒత్తినట్టు తెర మీద ఆకారం మలిచే పనికి, మాత్రం చిన్నదైనా సరే ఒక పెన్ టాబ్లెట్ కొనుక్కోండి. మౌస్‌తో మట్టిని ఒత్తిన అనుభూతి రాదు.

కంప్యూటర్ తెరవకముందు చూడవలసినవి

బిందె నిండా నీళ్లు నింపి, దాన్ని రోజూ ఎత్తే అలవాటున్న మనిషిని అడిగి, ఆమె అనుమతితో వీడియో తీయండి. ఖాళీ బిందెతో నటించి తీసిన వీడియో పనికిరాదు. బరువు లేదని శరీరానికి తెలిసిపోతుంది, ఎంత నటించినా నడుము ఆ నిజం బయటపెడుతుంది. మీరే ఎత్తదలిస్తే, నడుము నొప్పి ఉన్నవారు ఆ ప్రయత్నం మానుకోండి. ఒక ఫోను ఎదురుగా, మరొకటి పక్కన పెట్టి, రెండూ నడుము ఎత్తులో, కాస్త దూరంగా ఉండేలా చూసుకోండి. దగ్గర నుంచి తీస్తే చేతులు సాగినట్టు, తల చిన్నదైనట్టు కనబడి కొలతలు తప్పుతాయి. ఫోన్లు సాధారణంగా సెకనుకు 30 ఫ్రేముల చొప్పున తీస్తాయి. మన షాట్ 24 ఫ్రేములది. అందువల్ల బ్లెండర్‌లోకి తెచ్చుకునే ముందే వీడియోను 24కు మార్చుకోండి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోక, నా మొదటి షాట్‌లో పదిహేను రోజులు లెక్కలు తప్పుగా రాసుకుని, మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది.

ఇప్పుడు ఆ వీడియోను ఒక్కో ఫ్రేమే ముందుకు జరుపుతూ చూడండి. నోటుపుస్తకంలో పది పన్నెండు ముఖ్యమైన భంగిమలను పెన్సిలుతో గీయండి. బొమ్మ అందంగా ఉండనక్కర్లేదు. భుజాల గీత ఎటు వాలింది, తుంటి గీత ఎటు వాలింది, వెన్ను ఎటు వంగింది, బరువు ఏ పాదం మీద ఉంది అన్న నాలుగు సంగతులు ఉంటే చాలు. ప్రతి బొమ్మ కింద ఫ్రేమ్ సంఖ్య రాయండి.

ఈ పనిలో కొత్త సంగతులు బయటపడతాయి. బిందె నేలను వదలడానికి ముందే ఆమె ఒంట్లో ఎంతో జరుగుతుంది. కొంగు నడుముకు దోపుకుంటుంది. పాదాలు ఎడంగా పెట్టి, బిందెకు వీలైనంత దగ్గరగా జరుగుతుంది. చేతులు బిందె అంచును పట్టుకున్న తరువాత మోచేతులు పూర్తిగా చాచుకుంటాయి, భుజాలు కిందికి లాగబడతాయి, ఊపిరి బిగబడుతుంది. తుంటి పైకి లేవడం మొదలైన కొన్ని ఫ్రేములకు గానీ బిందె కదలదు. ఆ కొన్ని ఫ్రేముల ఆలస్యంలోనే బరువు ఉంది. వీడియో చూడకుండా ఊహతో చేసేవారు దాదాపు అందరూ చేతులను, బిందెను, నడుమును ఒకేసారి పైకి లేపుతారు. అప్పుడా బిందె కాగితంతో చేసినట్టుంటుంది.

ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1887లో వెలువరించిన కదలికల ఫొటో పలకల్లో నీళ్ల కుండలు మోసే స్త్రీలు కూడా ఉన్నారు. అవి ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మీ వీడియోను చూసిన తరువాత వాటిని చూడండి. ముందే చూస్తే మీ కంటితో చూడవలసినదాన్ని ఆయన కంటితో చూస్తారు.

మోడలింగ్‌ను బిందెతో మొదలుపెట్టండి

మనిషిని చేయాలన్న ఉత్సాహాన్ని ఒక వారం ఆపుకుని ముందుగా బిందె చేయండి. ఎదురుగా నిజమైన బిందెను పెట్టుకుని, నోరు, మెడ, కడుపు, అడుగు కలిసిన సగం అంచు గీతను గీసి, స్క్రూ మాడిఫయర్‌తో (మాడిఫయర్ అంటే ఆకారాన్ని తనంతట తాను మార్చే అమరిక) నిలువు అక్షం చుట్టూ తిప్పితే ఆకారం వస్తుంది. రేకుకు మందం ఇవ్వడానికి సాలిడిఫై మాడిఫయర్ వాడండి. ఇక సబ్‌డివిజన్ మాడిఫయర్ వేయగానే మెడ దగ్గరి పదునైన మలుపు మెత్తబడిపోవడం గమనిస్తారు. కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఎడ్ కాట్మల్, జిమ్ క్లార్క్ 1978లో ప్రకటించిన పద్ధతి ఇది: నాలుగు పక్కల ముఖాలతో (చిన్న పలకలతో) అల్లిన ముతక జాలాన్ని (మెష్‌ను) పదేపదే విడగొట్టి, సగటు తీసి, నునుపైన తలంగా మారుస్తుంది. మలుపు పదునుగా నిలవాలంటే దానికి రెండు వైపులా దగ్గరగా అదనపు గీతల వరుసలు వేయాలి. ఆ వరుసలు దగ్గరయ్యేకొద్దీ మలుపు పదునవుతుంది, దూరమయ్యేకొద్దీ మెత్తబడుతుంది. జాలంలో గీతలు ఎటు నడుస్తున్నాయన్నది ఆకారాన్ని ఎలా శాసిస్తుందో ఈ బిందె మీద అర్థమైతే, రేపు కనురెప్ప చేసేటప్పుడు తడుముకోవలసిన పని ఉండదు.

చివరగా బిందెకు రెండు మూడు సొట్టలు పెట్టండి. సొట్టలు లేని ఇత్తడి బిందె దుకాణంలోనే ఉంటుంది.

శరీరం

తలకాయ, పక్కటెముకల గూడు, కటి అనే మూడు ముద్దలతో మొదలుపెట్టి, వాటిని వెన్ను వంపుతో కలపండి. స్కల్ప్ట్ మోడ్‌లో చాలాసేపు ముక్కు, కళ్ల జోలికి పోవద్దు. జాలాన్ని సమాన పరిమాణపు ముక్కలతో తిరిగి అల్లే వాక్సెల్ రీమెష్‌ను ముతక పరిమాణంలో ఉంచితే చిన్న వివరాలు చేయడానికి వీలుండదు. ఆ అడ్డంకి మీకు మేలే చేస్తుంది. పెద్దవాళ్లలో మొత్తం ఎత్తు సుమారు ఏడు, ఏడున్నర తలల ఎత్తు ఉంటుంది. కళ్లు తలకాయ ఎత్తులో సరిగ్గా సగం దగ్గర ఉంటాయి. నుదురు చిన్నదిగా, కళ్లు పైన పెట్టేయడం కొత్తవారు చేసే సర్వసాధారణమైన తప్పు. ఇంట్లోవాళ్ల ముఖాలను స్కేలుతో కొలిచి చూస్తే నమ్మకం కలుగుతుంది.

ఈమె నడివయసు మనిషి. వయసంటే ముడతలు గీయడం అనుకోవద్దు. మెడ కాస్త ముందుకు రావడం, భుజాలు గుండ్రబడటం, మోచేతి దగ్గర చర్మం వదులవడం, చెప్పులు లేకుండా నడిచిన పాదంలో వేళ్లు విడివడి పరుచుకోవడం మొదట కనబడాలి. ముడతలు లేకున్నా వీటితోనే వయసు తెలియాలి. చేతులను అందరూ చివరికి వదిలేస్తారు. ఈ షాట్‌లో బిందె అంచును పట్టేది చేతులే కాబట్టి ముఖానికి ఇచ్చినంత సమయం వాటికీ ఇవ్వండి. అరచేయి పలకలాగా ఉండదు, బొటనవేలి కింది కండ, చిటికెనవేలి కింది కండ కలిసి చిన్న గిన్నెలాగా ఉంటుంది. ఆ లోతు లేకపోతే వేళ్లు దేన్ని పట్టుకున్నా అతికించినట్టుంటుంది.

శిల్పం పూర్తయ్యాక దాని మీద శుభ్రమైన కొత్త జాలం అల్లాలి. దీన్నే రీటోపాలజీ అంటారు. శిల్పంలో లక్షల ముఖాలు ఉండవచ్చు. కదలవలసిన శరీరానికి పది వేల చుట్టూ ఉంటే సరిపోతుంది. కొత్త బిందువులు శిల్పానికి అతుక్కునేలా స్నాపింగ్‌ను ముఖాల మీదకు పెట్టి, రెండో సగాన్ని అద్దంలోలా చూపే మిర్రర్ మాడిఫయర్ వేసుకుని సగం శరీరం అల్లితే చాలు. కళ్ల చుట్టూ, నోటి చుట్టూ గీతలు వలయాలుగా తిరగాలి, ఎందుకంటే అక్కడి కండరాలు అలాగే తిరుగుతాయి. మోకాలు, మోచేయి, వేళ్ల కణుపుల దగ్గర కనీసం మూడు వరుసలు ఉండాలి. రెండే ఉంటే వంచినప్పుడు నలిగిన గొట్టంలాగా అవుతుంది. ఐదు గీతలు కలిసే బిందువులు తప్పవు గానీ, వాటిని మడతపడే చోట కాకుండా చెంప ఎముక మీద, భుజం వెనుక దాచుకోండి. ఈ పని విసుగు పుట్టిస్తుందని చాలామంది తానే చేసిపెట్టే టూల్స్‌కు అప్పగిస్తారు. మొదటి మనిషిని మాత్రం చేత్తోనే అల్లండి. ఎక్కడ మడత పడుతుందో, ఎక్కడ సాగుతుందో ఆలోచిస్తూ అల్లిన వారం రోజులు మీకు శరీరశాస్త్రం నేర్పిస్తాయి.

రంగులు వేయడానికి శరీర ఉపరితలాన్ని బట్టలా చదునుగా పరిచేటప్పుడు (యూవీ విప్పడం) కుట్లను జుట్టు కిందా, చెవుల వెనుకా, చేతుల లోపలి వైపునా పెట్టండి. శిల్పంలోని సన్నని వివరాలను నార్మల్ మ్యాప్‌గా, అంటే ఎత్తుపల్లాలు ఉన్నట్టు భ్రమ కలిగించే చిత్రంగా, బేక్ చేసుకోండి (భద్రపరచుకోండి). ఇక్కడ చెప్పవలసిన విశేషం ఇంకేమీ లేదు.

చీర

చీరను మొత్తంగా సిమ్యులేషన్‌కు, అంటే బట్ట కదలికను కంప్యూటరే లెక్కగట్టే పద్ధతికి, వదిలేస్తే కుచ్చెళ్లు కొద్ది ఫ్రేముల్లోనే చెదిరిపోతాయి. నా సలహా ఏమిటంటే, నడుముకు చుట్టిన భాగాన్ని, కుచ్చెళ్లను, దోపిన కొంగును చేత్తోనే మోడల్ చేసి శరీరంతో పాటు ఎముకలకు కట్టండి. మోకాళ్ల కింది అంచును, వీపు మీద వేలాడే పైట భాగాన్ని మాత్రమే క్లాత్ సిమ్యులేషన్‌కు ఇవ్వండి. పై అంచును పిన్ గ్రూపులో (కదలకుండా పట్టే బిందువుల జాబితాలో) గట్టిగా పట్టి, కిందికి వచ్చేకొద్దీ విలువ తగ్గించండి. సిమ్యులేషన్‌ను ఒకటో ఫ్రేమ్‌లో కాక, ముప్పై నలభై ఫ్రేముల ముందు నుంచి నడపాలి. రిగ్ (బొమ్మను కదిలించే ఎముకల గూడు) నిలబడిన తొలి భంగిమ నుంచి షాట్ మొదటి భంగిమకు శరీరం నెమ్మదిగా చేరుకునే ఆ వ్యవధిలో బట్ట సర్దుకుంటుంది. నేత చీర బరువు వేరు, పాలిస్టర్ చీర బరువు వేరు. మాస్, బెండింగ్ విలువలు మార్చే ముందు రెండు రకాల బట్టలనూ చేత్తో పట్టుకుని కిందికి వదిలి చూడండి. ఈ పనంతా కదలిక పూర్తయిన తరువాతే చేయాలి. ముందే చేస్తే ప్రతి మార్పుకూ మళ్లీ చేయవలసి వస్తుంది.

ఎముకలు, కీళ్లు

శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కళాకారులు భుజం, మోచేయి, మోకాలు వేర్వేరు ముక్కలుగా కోసి, కీళ్ల దగ్గర దారంతో ముడివేసి కలుపుతారు. ముడి ఎక్కడ పడుతుందన్న దాని మీద ఆ బొమ్మ చేయి ఎలా ఊగుతుందన్నది ఆధారపడి ఉంటుంది. రిగ్గింగ్‌లోనూ సూత్రం ఇదే. మోకాలి కీలు కాలి మధ్యలో కాక కాస్త ముందుకు, మోచేతి కీలు కాస్త వెనక్కి ఉంటుంది. భుజం కీలును చంక మడత కన్నా పైన, డెల్టాయిడ్ కండ లోపల పెట్టాలి. కీలు సెంటీమీటరు పక్కకు పోయినా వంచినప్పుడు చేయి పొడవు మారినట్టు కనబడుతుంది.

బ్లెండర్‌తో పాటే వచ్చే రిగ్గిఫై ఈ పనిలో చాలా భారం తగ్గిస్తుంది. దాని మనిషి నమూనాను మీ మోడల్‌కు సరిపడా అమర్చుకుని రిగ్‌ను తయారుచేయించండి. జాలాన్ని దానికి కట్టినప్పుడు ఏ ఎముక ఏ భాగాన్ని ఎంత లాగాలో కంప్యూటర్ ఒక అంచనా వేస్తుంది. ఆ అంచనా భుజాలు, తుంటి, వేళ్ల దగ్గర తప్పుతుంది కాబట్టి వెయిట్ పెయింటింగ్‌లో, అంటే ఆ లాగుడు విలువలను రంగుగా పూస్తూ, సరిదిద్దుకోవాలి. నిలబడిన బొమ్మ మీద రంగు పూస్తే తప్పులు కనబడవు. ఆమెను పూర్తిగా గొంతుక్కూర్చోబెట్టి, చేతులు చాపించి, ఆ భంగిమలోనే సరిదిద్దండి. మీ షాట్‌కు కావలసిన భంగిమలు మీ నోటుపుస్తకంలో ఉన్నాయి. ఆ పన్నెండు భంగిమల్లో శరీరం సరిగా ఉంటే చాలు. వెయిట్లతో ఎంతకీ కుదరని చోట, ముఖ్యంగా గొంతుక్కూర్చున్నప్పటి తుంటి మడతకు, సరిదిద్దిన ఆకారాన్ని షేప్ కీగా భద్రపరిచి, తొడ ఎముక వంగే కోణాన్ని బట్టి అది తనంతట తాను వచ్చేలా డ్రైవర్‌తో ముడిపెట్టండి.

బిందెను చేతులకు కట్టాలా, చేతులను బిందెకు కట్టాలా అన్నది ఇక్కడ తేల్చుకోవలసిన ప్రశ్న. చేతులను బిందెకు కట్టమని నేను గట్టిగా చెబుతాను. బిందెకు సొంత కంట్రోల్ (పట్టుకుని కదిలించే పిడి) పెట్టి, ఐకే చేతులు (అరచేతిని కదిలిస్తే మోచేయి, భుజం వాటంతట అవే వంగే అమరిక) దాన్ని అనుసరించేలా చైల్డ్ ఆఫ్ కన్‌స్ట్రెయింట్ అనే బంధం వేస్తే, బిందె ఎంత వేగంగా, ఏ దారిలో పైకి వస్తుందో దాని కదలికను చూపే వక్రరేఖ మీదే మీరు నేరుగా నిర్ణయించవచ్చు. బరువును పట్టుకునే రేఖ అదే. బిందె చంకన చేరిన తరువాత మాత్రం దాన్ని తుంటి కంట్రోల్‌కు అప్పగించండి. అప్పగించే ఫ్రేమ్‌లోనూ, దాని ముందు ఫ్రేమ్‌లోనూ బిందె అంగుళమైనా ఎగరకుండా చూసుకోండి.

కదలిక

మొదటి విడతలో కీఫ్రేముల (మీరు భంగిమను నమోదు చేసిన ఫ్రేముల) మధ్య కంప్యూటర్‌ను ఏమీ పూరించనివ్వకండి. ఆ పూరింపును శాసించే ఇంటర్‌పొలేషన్‌ను కాన్‌స్టంట్‌లో పెట్టి, నోటుపుస్తకంలోని పన్నెండు భంగిమలను, ప్రతి భంగిమలో అన్ని కంట్రోళ్లకూ కీ వేస్తూ నిలబెట్టండి. బొమ్మ ఒక భంగిమ నుంచి మరొక భంగిమకు దూకుతుంది. అలా దూకుతున్నా కథ అర్థం కావాలి. అర్థం కాకపోతే తరువాత ఎంత నునుపు చేసినా అర్థం కాదు. వ్యూపోర్ట్‌లో (పని చేసే తెరలో) మనిషినీ బిందెనూ ఒకే నల్ల రంగుకు మార్చి, నీడబొమ్మలాగా చూడండి. బిందె శరీరంలో కలిసిపోయి కనబడకపోతే కెమెరాను గానీ, భంగిమను గానీ మార్చాలి. పూర్తిగా పక్క నుంచి కాక, ముప్పావు కోణం నుంచి చూపిస్తే ఈ షాట్ బాగుంటుందని నా అనుభవం.

సుమారుగా ఒకటి నుంచి ముప్పయ్యో ఫ్రేమ్ దాకా ఆమె నిలబడి బిందెను చూసి కొంగు దోపుకుంటుంది. అరవై దగ్గరికి వంగడం పూర్తవుతుంది. ఎనభై అయిదు దాకా పట్టు కుదుర్చుకుని బలం కూడదీసుకుంటుంది. నూట ఇరవైకి బిందె తొడ మీద ఆనుతుంది. అక్కడ అర సెకను ఆగి ఒక చేయి అడుగు కిందికి మారుతుంది. నూట అరవైకి బిందె చంకన చేరుతుంది. మిగిలినది సర్దుకోవడం, రెండడుగులు నడవడం. ఇవి నేను చేసిన షాట్ లెక్కలు. మీ వీడియోలోని మనిషి వేరు కనుక ఆమె లెక్కలనే పాటించండి.

ప్రతి భంగిమలోనూ, తాపీమేస్త్రీ గోడకు గుండు వేసి చూసినట్టు, ఒక నిలువు గీత వేసి చూడండి. ఒంటరిగా నిలబడినప్పుడు శరీర భారం నాభి కింద నుంచి రెండు పాదాల మధ్యకు దిగుతుంది. బిందె చేతుల్లోకి వచ్చాక మనిషి, బిందె కలిసి ఒకే భారం అవుతాయి. ఆ ఉమ్మడి భారం పాదాల మధ్యే ఉండాలంటే శరీరం బిందెకు ఎదురు దిక్కుకు వాలక తప్పదు. బిందె ఎడమ చంకన ఉంటే ఎడమ తుంటి బయటికి వస్తుంది, వెన్ను కుడికి వంగుతుంది, కుడి చేయి ఒంటికి దూరంగా లేస్తుంది. ఈ మూడింటిలో ఏది లేకున్నా చూసేవారికి కారణం చెప్పలేని అసంతృప్తి మిగులుతుంది.

భంగిమలు కుదిరాక, రెండు భంగిమల నడుమ శరీరం ఏ దారిలో వెళ్లిందో చెప్పే మధ్య భంగిమలు వేయండి. అయిదారు ఫ్రేములకు ఒకటి చొప్పున పడేవరకూ మధ్య ఫ్రేములను కంప్యూటర్ నునుపుగా పూరించే బెజియర్‌కు మారకపోవడం మంచిది. తొందరపడి మారిన రోజునే బొమ్మ నీళ్లలో తేలుతున్నట్టు అవుతుంది. మారిన తరువాత పనంతా కదలికలను వక్రరేఖలుగా చూపే గ్రాఫ్ ఎడిటర్‌లోనే. ముందుగా బిందె ఎత్తును చూపే ఒక్క వక్రరేఖను తెరవండి. నేల మీద ఉన్నంతసేపూ అది తిన్నగా ఉండాలి. తరువాత తుంటి ఎత్తు రేఖను పక్కనే చూడండి. తుంటి రేఖ ముందు లేచి, నాలుగు నుంచి ఆరు ఫ్రేముల తరువాత బిందె రేఖ కదలాలి. కదిలిన మొదటి క్షణాల్లో దాని వాలు తక్కువగా ఉండి, వేగం అందుకున్నాక పెరగాలి. తొడ మీద ఆనే చోట మెత్తగా కాక ఒక్కసారిగా ఆగాలి. ఆ తాకిడికి తొడ కిందికి దిగి, మోకాలు కొద్దిగా వంగి, మూడు నాలుగు ఫ్రేముల్లో తిరిగి నిలదొక్కుకోవాలి. ఒక రేఖ మరో రేఖకు ఎన్ని ఫ్రేముల వెనుక నడుస్తోందన్నదే బరువు కథంతా. ఇక్కడ ఒక వారం గడపవలసి వచ్చినా గడపండి.

డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో యానిమేషన్ సూత్రాలను పన్నెండుగా గుదిగుచ్చారు. అవి కంప్యూటర్ బొమ్మలకు ఎలా వర్తిస్తాయో పిక్సార్ యానిమేటర్ జాన్ లాసెటర్ 1987లో ఒక పత్రంలో వివరించారు. మీరు వాటిని చదివే ఉంటారు. పరీక్షకు చదివినట్టు వల్లె వేయకుండా, ఒక్కొక్కటి ఈ స్త్రీ ఒంట్లో ఎక్కడుందో వెతకండి. నొక్కుడు, సాగుడు అన్న సూత్రాన్ని తీసుకుంటే, ఈమె చేతులను రబ్బరులా సాగదీయలేరు; కానీ బరువు పడినప్పుడు వెన్ను కుంగడం, పిక్క బిగుసుకోవడం, పాదం నేల మీద కాస్త వెడల్పవడం ఆ సూత్రమే. ముందస్తు కదలిక అంటే ఆ కొంగు దోపుకోవడమే.

ఇక చూపు. నాట్యంలో చేయి ఎక్కడికి పోతే చూపు అక్కడికి పోవాలని గురువులు చెబుతారు. ఇంటిపనిలో క్రమం తిరగబడుతుంది: చూపు ముందు పోతుంది, తల దాని వెంట తిరుగుతుంది, చేయి ఆఖరున చేరుతుంది. కళ్లు కదిలిన రెండు మూడు ఫ్రేములకు తల కదిలితే చాలు, బొమ్మలో ఒక మనసు ఉన్నట్టు అనిపిస్తుంది. బరువు ఎత్తే క్షణంలో మాత్రం కళ్లు దేన్నీ చూడవు. బిందె మీద నుంచి చూపు తొలగి, దవడ బిగుసుకుని, మనిషి తన లోపలికి వెళ్లిపోతుంది. బిందె చంకన కుదురుకోగానే ఊపిరి వదులుతుంది, ఒకసారి రెప్ప వేస్తుంది, నడవవలసిన దారిని చూస్తుంది. నన్నడిగితే షాట్ మొత్తంలో అత్యంత విలువైన ఫ్రేములు ఇవే.

చివరి రెండడుగులు చిన్నవిగా ఉండాలి. బరువున్న వైపు పాదం నేల మీద ఎక్కువసేపు ఉంటుంది. నేలను ఆనిన పాదం ఏ ఫ్రేమ్‌లోనూ జారకూడదు. మణికట్టుకు, తలకు, తుంటికి మోషన్ పాత్ (కదిలిన దారిని గీతగా చూపే టూల్) వేసి, వాటి దారి ముక్కలుగా విరగకుండా వంపుగా ఉందో లేదో చూసుకోండి.

మనిషి కదలికను కెమెరాలతో నేరుగా పట్టి బొమ్మకు తొడిగే పద్ధతి ఉండగా ఈ శ్రమ ఎందుకని కొందరు అడుగుతారు. ఆ పద్ధతి జరిగినదాన్ని జరిగినట్టు ఇస్తుంది. ఏ క్షణాన్ని పొడిగించాలో, దేన్ని వదిలేయాలో మీరు ఎంచుకోవాలి. ఎంచుకోవడం తెలిసిన మనిషి ఆ పద్ధతినీ బాగా వాడుకోగలడు.

వెలుతురు, రంగు, రెండరింగ్

ఇత్తడి తన చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తుంది. చుట్టూ ఏమీ లేకపోతే బిందె బురద రంగులో కనబడుతుంది. పాలీ హెవెన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే హెచ్‌డీఆర్‌ఐ చిత్రాల్లో (చుట్టూ ఉన్న పరిసరాన్నీ వెలుతురునూ ఇచ్చే ఫొటోల్లో) తెల్లవారుజామున తీసినదొకటి తెచ్చుకోండి. చింతపండుతో తోమిన కడుపు భాగం మెరవాలి, మెడ మడతల్లోనూ అడుగు అంచునా మసకబారి ఉండాలి. ఆ తేడాను మెరుపు ఎక్కడ ఎంతో చెప్పే రఫ్‌నెస్ మ్యాప్‌లో చేత్తో పూయండి. చామనఛాయ చర్మం ఆకారం రంగు మార్పుల్లో కన్నా మెరుపుల్లో ఎక్కువగా కనబడుతుంది. కాబట్టి చర్మం లోపలికి వెలుతురు ఇంకే విలువను పెంచుకుంటూ పోయే బదులు, నుదురు, ముక్కు, భుజం దగ్గర మెరుపు ఎంత విస్తరించిందో సరిచూసుకోండి.

బ్లెండర్‌లో తుది చిత్రాన్ని తయారుచేసే (రెండర్ చేసే) సైకిల్స్‌లో ఒక్కో ఫ్రేముకు మూడు నిమిషాలు పడితే 240 ఫ్రేములకు 12 గంటలు. వీడియోగా నేరుగా రాయించవద్దు. ఒక్కో ఫ్రేమును వేర్వేరు చిత్రంగా భద్రపరిస్తే, నడుమ కరెంటు పోయినా ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. శాంపిళ్లు (ఒక్కో చుక్కకు వెలుతురును లెక్కగట్టే సార్లు) మరీ తగ్గించి, చిత్రంలోని గరుకును తుడిచే డీనాయిజర్ మీద ఆధారపడితే విడి ఫ్రేములు బాగానే ఉంటాయి గానీ, కదిలేటప్పుడు చర్మం మీద మచ్చలు మిణుకుమంటాయి. అందుకని ముందు వరుసగా పది ఫ్రేములు రెండర్ చేసి ఆడించి చూడండి.

చూపించడం

ముందుగా తోటి యానిమేటర్లకు చూపించకండి. వాళ్లు జాలం గురించి, వెలుతురు గురించి మాట్లాడతారు. రోజూ నీళ్లు మోసిన మనిషికి, వీలైతే మీరు వీడియో తీసిన ఆమెకే, శబ్దం లేకుండా చూపించి ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ బిందె నిండుగా ఉందా, వెలితిగా ఉందా?’ సగమే ఉన్నట్టుందని ఆమె అంటే మోడల్‌నూ, రంగులనూ ముట్టుకోవద్దు. గ్రాఫ్ ఎడిటర్ తెరిచి, బిందె నేలను వదిలే చోటికి వెళ్లి, దాని రేఖ మరో రెండు ఫ్రేములు ఆలస్యంగా లేచేలా జరిపి, తొడ మీద ఆనిన తరువాత మోకాలు మరికాస్త వంగనిచ్చి, మరునాడు మళ్లీ అదే ప్రశ్న అడగండి.